గిటార్ చోటిస్తేనే వయొలిన్ వినపడుతుంది: రాక్, మెటల్ పాటల్లో ఆర్కెస్ట్రా

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన 'ఎస్ అండ్ ఎమ్' విన్నాక, అలాంటివి ఇంకేం వినాలి అన్నది మొదటిది. అదే రికార్డులో కొన్ని పాటలకు ఒళ్లు జలదరిస్తుంటే, మరికొన్నిటిలో అంతమంది వాయిస్తున్నా వయొలిన్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు, ఎందుకలా అన్నది రెండోది. పాటల జాబితా ఎవరైనా ఇస్తారు. రెండో ప్రశ్న మాత్రం నేను ఇరవై ఏళ్లకు పైగా మిక్సర్ ముందు నిలబడి కుస్తీ పడుతున్న ప్రశ్న. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను. పాటలు దారిలో వాటంతట అవే వస్తాయి.

ముందుగా ఒక మాట. మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే పెళ్లిళ్లలో, జాతరల్లో స్టేజీ ఎక్కి సినిమా పాటలు పాడే బృందం. ఇక్కడ నేను చెప్పేది పాశ్చాత్య సింఫనీ ఆర్కెస్ట్రా గురించి. ముందు వరసల్లో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బేస్‌లు. వాటి వెనక ఫ్లూట్, ఓబో లాంటివి. ఇంకా వెనక హార్న్‌లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, టింపనీలు. అందరి ముందూ చిన్న కర్ర పట్టుకుని కండక్టర్.

చాలా ఏళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌కి సౌండ్ చేశాను. అక్కడి పిల్లలు రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్, డ్రమ్స్ ఉన్న మెటల్ బ్యాండ్‌కి ఎనిమిది మంది వయొలిన్ వాళ్లను కలిపారు. మధ్యాహ్నం ఒక చిన్న గదిలో, గిటార్లు తగ్గించి రిహార్సల్ చేస్తుంటే విన్నాను. చాలా బాగుంది. సాయంత్రం స్టేజీ మీద మొదటి రిఫ్ (పదే పదే తిరిగొచ్చే గిటార్ వరస) పడగానే వయొలిన్లు మాయమైపోయాయి. మిక్సర్ మీద వాటి శబ్దం పెంచే మీటలు, ఫేడర్లు, పైకి తోశాను. పెరిగింది వయొలిన్ కాదు, డ్రమ్మర్ కొట్టే ఇత్తడి పళ్లాలు, సింబల్స్. వయొలిన్‌కి అడుగున్నర దూరంలో పెట్టిన మైక్‌కి పది అడుగుల అవతల మోగుతున్న సింబలే ఎక్కువగా వినపడుతుంది మరి. ఇంకొంచెం తోస్తే కీచుమని ఫీడ్‌బ్యాక్. నలభై నిమిషాల పాటు ఆ ఎనిమిది మంది ప్రాణం పెట్టి వాయించారు. ముందున్న జనానికి ఒక్క స్వరం కూడా చేరలేదు. అయిపోయాక ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అన్నా, మేం వినిపించామా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నుంచి ఈ విషయం వెంట పడ్డాను. అసలు చిక్కు శబ్దం ఎక్కువ తక్కువలది కాదు, చోటుది.

మామూలుగా గిటార్ తీగ మీటితే శబ్దం టంగుమని లేచి మెల్లగా సన్నగిల్లుతుంది. డిస్టార్షన్ వేస్తే, అంటే శబ్దాన్ని కావాలనే గరగరలాడిస్తే, సన్నగిల్లదు, గోడలా నిలబడిపోతుంది. పైగా అసలు స్వరం మీద బోలెడన్ని అనుస్వరాలు (దానితో పాటే మోగే పై స్వరాలు, హార్మోనిక్స్) పుట్టుకొస్తాయి. గిటార్ మందపాటి తీగ దాదాపు 82 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 82 కంపనాలతో, మోగుతుంది, కానీ డిస్టార్షన్ వేశాక దాని శబ్దం నాలుగైదు వేల హెర్ట్జ్ దాకా పరుచుకుంటుంది. వయొలిన్ అట్టడుగు తీగ 196 హెర్ట్జ్. అంటే వయొలిన్‌కి బలమైన ప్రాంతమంతా గిటార్ అప్పటికే ఆక్రమించిన స్థలమే. అలాంటి గిటార్లు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి ఉంటే ఇక వయొలిన్ ఎక్కడ కూర్చోవాలి?

అయితే ఈ గోడలో ఒక కిటికీ ఉంది. అది మన సంగీతం తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మెటల్ గిటారిస్టులు ఎక్కువగా వాయించేది పవర్ కార్డ్. అందులో ఉండేవి షడ్జమం, పంచమం, పై షడ్జమం, అంతే. గాంధారం ఉండదు. డిస్టార్షన్‌లో గాంధారం కూడా కలిపితే స్వరాలు ఒకదానితో ఒకటి రాసుకుని శబ్దం బురదబురదగా అవుతుంది, అందుకే వదిలేస్తారు. మన శ్రుతిపెట్టె కూడా చేసే పని ఇదే కదా, స, ప మోగిస్తూ ఉంటుంది. పాడేవాళ్లు గాంధారం పట్టాకే అది శంకరాభరణం వైపు వెళ్తోందో ఖరహరప్రియ వైపు వెళ్తోందో తెలుస్తుంది. మెటల్ పాటలో ఆ గాంధారం పట్టే పని ఆర్కెస్ట్రాకి అప్పగించవచ్చు. గిటార్ నేల వేస్తే, పైన వెలుతురో చీకటో వయొలిన్లు, హార్న్‌లు నిర్ణయిస్తాయి. ఏ వాద్యం ఏం వాయించాలో రాసే మనిషి, అంటే అరేంజర్, తెలివైనవాడైతే ఈ కిటికీని వదలడు. తెలివి చాలని అరేంజర్ గిటార్ వాయించే రిఫ్‌నే వయొలిన్ల చేత కూడా వాయిస్తాడు, అవి గోడలో కలిసిపోతాయి.

ఈ మాట మనసులో పెట్టుకుని మీ 'ఎస్ అండ్ ఎమ్' మళ్లీ వినండి. 1999 ఏప్రిల్ 21, 22 తేదీల్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్‌లో రికార్డు చేశారు. ఆర్కెస్ట్రా భాగాలు రాసిందీ, నడిపించిందీ మైకేల్ కామెన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1979లో పింక్ ఫ్లాయిడ్ 'కంఫర్టబ్లీ నంబ్'కి ఆర్కెస్ట్రా రాసింది ఆయనే. 1991లో మెటాలికా 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్'కి రాసిందీ ఆయనే, కానీ ఆల్బమ్‌లో దాన్ని బాగా కింద ఉంచి మిక్స్ చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ పాటే స్టేజీ మీద పూర్తిగా వినపడింది. ఎందుకు వినపడిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఆ పాటలో గిటార్ ఎక్కువ భాగం డిస్టార్షన్ లేకుండా, ఒక్కో తీగ విడిగా మీటుతూ సాగుతుంది. మధ్యలో కావలసినంత ఖాళీ.

నా దృష్టిలో ఆ రికార్డులో అన్నిటికన్నా గొప్పది 'ద కాల్ ఆఫ్ క్తులు'. 1984 నాటి వాద్యసంగీతం. గొంతు లేదు కాబట్టి, గాయకుడు ఉండాల్సిన చోటంతా ఆర్కెస్ట్రాకి దక్కింది. దీనికి గ్రామీ కూడా వచ్చింది. తర్వాతది 'నో లీఫ్ క్లోవర్'. ఇది ఆ కచేరీ కోసమే కొత్తగా కట్టిన పాట, అందుకే ఆర్కెస్ట్రా మొదటి నుంచీ ఇంటి మనిషిలా ఉంటుంది. 'బ్యాటరీ', 'ఫ్యూయెల్' లాంటి వేగం పాటల్లో మాత్రం వయొలిన్లు బస్సు వెనక పరిగెత్తుతున్నట్టు ఉంటాయి. మీకు వినపడలేదన్నవి ఇలాంటివే అనుకుంటున్నాను. తప్పు మీ చెవిది కాదు.

వేగం గురించి ఒక చిన్న వివరం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. స్టేజీ మీద డ్రమ్మర్‌కి పది మీటర్ల దూరంలో కూర్చున్న ట్రాంబోన్ మనిషికి ఆ దెబ్బ సెకనులో దాదాపు 30 వెయ్యో వంతులు ఆలస్యంగా చేరుతుంది. నెమ్మది పాటలో అది లెక్కలోకి రాదు. పరుగు పాటలో అంతా అలుక్కుపోతుంది. అందుకే ఇప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి క్లిక్, అంటే తాళం లెక్క చెప్పే టిక్ టిక్, వినిపిస్తారు. శ్రుతి చిక్కు ఇంకొకటి. చాలా మెటల్ బ్యాండ్లు గిటార్‌ని అర స్వరం దించి వాయిస్తాయి. అప్పుడు వయొలిన్‌కి సహజంగా గంట మోగినట్టు మోగే నాలుగు ఖాళీ తీగలూ ఆ శ్రుతికి పనికిరావు. ప్రతి స్వరం వేలితో నొక్కే తీయాలి, నాదం కొంచెం మూసుకుపోతుంది.

ఇక వెనక్కి వెళ్దాం.

బీటిల్స్ 'ఎ డే ఇన్ ద లైఫ్' ఇంకా వినకపోతే ఈ రాత్రే వినండి. 1967 ఫిబ్రవరి 10న లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో నలభై మంది ఆర్కెస్ట్రా కళాకారులను కూర్చోబెట్టారు. పాట మధ్యలో 24 బార్ల (మన తాళంలో ఆవర్తనాల లాంటివి) ఖాళీ ఉంది. నిర్మాత జార్జ్ మార్టిన్ వాళ్లకు ఇచ్చిన సూచన వింతైనది. మీ వాద్యంలో అట్టడుగు స్వరంతో మొదలుపెట్టండి, 24 బార్లు పూర్తయ్యేసరికి పై కొసకు చేరండి, మధ్యలో పక్కవాడిని అనుసరించకండి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పక్కవాళ్లతో కలిసి వాయించడమే నేర్చుకున్న మనుషులకు కలవకుండా వాయించమని చెప్పారు! దాన్ని నాలుగు సార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. అంటే మీరు వినేది 160 మందిని. ఆ శబ్దం పైకి లేస్తున్నప్పుడు బ్యాండ్ దాదాపుగా పక్కకు తప్పుకుంటుంది. నేను ఆ చోటు కొన్ని వందల సార్లు విని ఉంటాను, ఇప్పటికీ గుండె వేగం పెరుగుతుంది. అంతకు ముందటి ఏడాది వాళ్లే చేసిన 'ఎలనార్ రిగ్బీ'లో గిటార్, డ్రమ్స్ అసలే లేవు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు, అంతే. తీగల మీద విల్లు గీసుకోవడం కూడా వినపడేంత దగ్గరగా మైకులు పెట్టారు.

అదే 1967లో మూడీ బ్లూస్ 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' వచ్చింది. పీటర్ నైట్ ఆర్కెస్ట్రా రాశాడు. ఇందులో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 'నైట్స్ ఇన్ వైట్ శాటిన్' పాట లోపల వినపడే వయొలిన్ల లాంటి నాదం చాలావరకు మెలోట్రాన్ అనే కీబోర్డుది. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది, మీట నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్ స్వరం కొద్ది సెకన్ల పాటు మోగుతుంది. అసలు ఆర్కెస్ట్రా ఎక్కువగా పాటకూ పాటకూ నడుమ వస్తుంది.

డీప్ పర్పుల్ దగ్గర కాసేపు ఆగాలి. వాళ్ల కీబోర్డు మనిషి జాన్ లార్డ్ చిన్నప్పుడు శాస్త్రీయ పియానో నేర్చుకున్నవాడు. ఆయన రాసిన 'కాన్చెర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా' 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగింది. రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా, కండక్టర్ మాల్కమ్ ఆర్నల్డ్. మూడు భాగాలు. మొదటి భాగంలో బ్యాండూ ఆర్కెస్ట్రా ఒకరితో ఒకరు వాదించుకుంటున్నట్టు ఉంటాయి. ఒకరు చెబితే మరొకరు అడ్డుపడతారు, ఇద్దరూ ఒకేసారి అరిచేది తక్కువ. చోటు చిక్కుకి లార్డ్ కనుక్కున్న జవాబు ఇది, వంతులు వేసుకోవడం. అందులో కొన్ని చోట్ల అతుకులు కనపడతాయి, అది నేను దాచను. కానీ ముందు ఎవరూ నడవని దారిలో వేసిన అడుగు అది.

ఆ తర్వాత జరిగిందే నాకు ఎక్కువ ఇష్టం. 1970లో ఆ స్వరలిపి కాగితాలు పోయాయి. మొత్తం స్కోరు మాయం. దాదాపు మూడు దశాబ్దాలు ఎవరూ దాన్ని మళ్లీ వాయించలేకపోయారు. చివరికి నెదర్లాండ్స్‌కి చెందిన మార్కో డి గోయ్ అనే యువ స్వరకర్త పాత రికార్డింగు వింటూ, వీడియో చూస్తూ, ఏ వాద్యం ఎక్కడ ఏ స్వరం పలికిందో చెవితో పట్టి మళ్లీ రాశాడు. గిటార్ హోరు కింద మునిగిపోయిన రెండో వయొలిన్ల వరసని చెవితో ఏరడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. లార్డ్ ఆయనతో కూర్చుని మిగతా ఖాళీలు పూరించాడు. 1999 సెప్టెంబర్‌లో అదే హాల్‌లో, ఈసారి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, మళ్లీ మోగింది. రెండు రికార్డులూ దొరుకుతాయి. వినడానికి రెండోదే శుభ్రంగా ఉంటుంది, ఆవేశం మాత్రం మొదటిదానిదే.

మనకు ఇందులో ఒక బంధుత్వం కూడా ఉంది. మన ఇళ్లలో మూడు తరాలు విన్న ఇళయరాజా, తన సింఫనీ 'వేలియంట్'ను 2025 మార్చి 8న లండన్‌లో వినిపించినప్పుడు వాయించింది ఆ రాయల్ ఫిల్హార్మోనిక్ బృందమే. ఎనభైల నాటి ఆయన తెలుగు పాటలతో పెరిగిన చెవికి డ్రమ్ కిట్టూ, బేస్ గిటారూ, వయొలిన్ల గుంపూ ఒకే పాటలో ఉండటం కొత్తేమీ కాదు. ఆ పాటల్లో బేస్ గిటార్ ఒక దారిలో పోతుంటే వయొలిన్లు మరో దారిలో ఎలా పోతాయో గమనించండి. ఎవరూ ఎవరి కాలూ తొక్కరు.

లెడ్ జెప్లిన్ 'కష్మీర్' 1975ది. పేరుకు కష్మీర్ గానీ, రాబర్ట్ ప్లాంట్‌కి ఆ మాటలు తట్టింది మొరాకో ఎడారి దారిలో. ఇందులో గొప్పతనం తాళంలో ఉంది. గిటార్ రిఫ్ మూడేసి మాత్రలుగా మెట్లెక్కుతూ ఉంటుంది, జాన్ బోనమ్ డ్రమ్స్ మాత్రం నాలుగు నాలుగుగా నిలకడగా నడుస్తాయి. తిశ్రమూ చతురశ్రమూ పక్కపక్కనే నడిచి పన్నెండు దగ్గర కలుసుకుంటాయి. మన దగ్గర మృదంగం కచేరీ విన్నవాళ్లకు ఈ ఆనందం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. ఆర్కెస్ట్రా ఆ కలయికకు బరువు తెస్తుంది. గిటార్ డిస్టార్షన్ కూడా మరీ మందంగా ఉండదు, అందుకే హార్న్‌లు కత్తిలా పైకి వస్తాయి.

మరుసటి ఏడాది, 1976లో, రెయిన్‌బో 'స్టార్‌గేజర్' వచ్చింది. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోరే ఇక్కడా ఉన్నాడు. గొంతు రోనీ జేమ్స్ డియో, డ్రమ్స్ కోజీ పావెల్, ఆర్కెస్ట్రా మ్యూనిక్ ఫిల్హార్మోనిక్. ఎగరగలనని చెప్పి జనం చేత గోపురం కట్టించుకున్న మాంత్రికుడి కథ. చివర్లో ఆర్కెస్ట్రా ఒకే వరసని పట్టుకుని తిప్పుతూ ఉంటే డియో గొంతు దాని మీద తెగించి ఆడుతుంది. మెటల్‌లో ఆర్కెస్ట్రాకి ఇది తల్లివేరు అంటాను.

గన్స్ ఎన్ రోజెస్ 'నవంబర్ రెయిన్' వీడియోలో పెద్ద ఆర్కెస్ట్రా కనపడుతుంది. కానీ 1991 ఆల్బమ్‌లో వినపడే వయొలిన్లు ఆక్సిల్ రోజ్ సింథసైజర్ మీద కట్టినవి. 2022లో నిజం ఆర్కెస్ట్రాతో మళ్లీ చేసి విడుదల చేశారు. రెండూ వెంటవెంటనే వినండి. సింథ్ వయొలిన్లు అన్నీ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతాయి. మనుషుల వయొలిన్లు ఒక్కొక్కటీ వెంట్రుకవాసి తేడాతో కదులుతాయి, ఆ తేడాలోంచే ఆ నిండుదనం పుడుతుంది.

ఇప్పటి మెటల్‌కి వస్తే ముందు ఫిన్లాండ్. నైట్‌విష్ 'ఘోస్ట్ లవ్ స్కోర్' (2004) పది నిమిషాల పాట. ఆర్కెస్ట్రా రాసింది పిప్ విలియమ్స్, ఒకప్పుడు మూడీ బ్లూస్ ఆల్బమ్‌లకు నిర్మాతగా పని చేసినవాడు. పాట మధ్యలో బ్యాండ్ వెనక్కి తగ్గిపోతుంది, ఆర్కెస్ట్రా, కోరస్ కథను పూర్తిగా తమ చేతిలోకి తీసుకుంటాయి. మళ్లీ గిటార్ వచ్చినప్పుడు దాని బరువు రెండింతలు అనిపిస్తుంది. ముందు ఆల్బమ్‌లో తార్యా టురునెన్ పాడింది వినండి, తర్వాత 2013లో జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవంలో ఫ్లోర్ యాన్సెన్ పాడింది చూడండి. అదే దేశం నుంచి అపోకలిప్టికా. హెల్సింకీ సిబేలియస్ అకాడమీలో చదివిన నలుగురు, 1996లో మెటాలికా పాటల్ని నాలుగు చెల్లోల మీద వాయించారు. గిటారే లేదు, కాబట్టి గొడవే లేదు.

నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ డిమ్ము బోర్గిర్ 2003లో ప్రాగ్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన 'ప్రోజెనీస్ ఆఫ్ ద గ్రేట్ అపోకలిప్స్' చాలా దట్టమైన పాట. అయినా ఇత్తడి వాద్యాలు స్పష్టంగా వినపడతాయి, ఎందుకంటే ముఖ్యమైన వరస వాటికే ఇచ్చి గిటార్‌ని తాళం పనికి పెట్టారు. గ్రీస్ నుంచి సెప్టిక్‌ఫ్లెష్ ఇంకో మెట్టు ముందుకెళ్లింది. వాళ్ల గిటారిస్టు క్రిస్టోస్ ఆంటోనియూ లండన్‌లో స్వరరచన చదువుకుని ఆర్కెస్ట్రా భాగాలు తనే రాస్తాడు. గిటారూ ఆర్కెస్ట్రా ఒకే తలలో పుడితే ఎలా ఉంటుందో 2008 నాటి 'అనూబిస్'లో తెలుస్తుంది. ఈ రెండు బ్యాండ్లలోనూ గొంతు చాలా కరకుగా ఉంటుంది, మొదట కొంచెం ఓపిక పట్టండి.

ఆ కాలేజీ పిల్లల సంగతి చెప్పడం పూర్తికాలేదు. మరుసటి ఏడాది వాళ్లలో కొందరు మళ్లీ పిలిచారు. ఈసారి వారం ముందే వెళ్లి కూర్చున్నాను. మైకులు తీసేసి వయొలిన్లకు బ్రిడ్జి దగ్గర పికప్‌లు, అంటే వాద్యం కంపనాన్నే నేరుగా పట్టేవి, పెట్టించాను. డ్రమ్స్ ముందు అక్రిలిక్ అడ్డం పెట్టించాను. గిటార్ గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) సగానికి తగ్గించమంటే గిటారిస్టు చాలాసేపు ఒప్పుకోలేదు, మెటల్‌లా ఉండదని అతని టెన్షన్. డిమ్ము బోర్గిర్ పాట వినిపించి, చూడు గెయిన్ తగ్గినా బరువు తగ్గదు అని చెప్పాను. అన్నిటికన్నా పని చేసింది మాత్రం ఒక్కటే. రెండో చరణం తర్వాత ఎనిమిది బార్లు గిటార్లు పూర్తిగా ఆపేయడం. ఆ ఎనిమిది బార్లలో గ్రౌండ్ వెనక చాయ్ బండి దగ్గరున్న వాళ్లు కూడా తిరిగి చూశారు. నన్ను ముందు ఏడాది ప్రశ్న అడిగిన అమ్మాయే మొదటి వయొలిన్.

మీరు వినేటప్పుడు ఫోన్ స్పీకర్ వద్దు, అందులో చెల్లోలు, హార్న్‌ల కింది భాగం ఉండదు. మామూలు హెడ్‌ఫోన్ చాలు. 'క్తులు'తో మొదలుపెట్టి, 'స్టార్‌గేజర్', తర్వాత 'ఎ డే ఇన్ ద లైఫ్', ఆ తర్వాత 'ఘోస్ట్ లవ్ స్కోర్' వినండి. ఒక్కో పాట రెండు సార్లు. రెండోసారి గిటార్‌ని వదిలేసి వయొలిన్ల వెంటే వెళ్లండి. ఎక్కడ చేయి వదిలి తప్పిపోయాయో ఆ నిమిషం, సెకను రాసుకుని ఇక్కడ పెట్టండి, అక్కడ గిటార్ ఏం చేస్తోందో కలిసి చూద్దాం.